చల్లటి ప్రాంతంలో పెరటి కూరగాయలు: ఏవి వేయాలి, ఎప్పుడు వేయాలి?

పెరటికొత్త:

అందరికీ నమస్తే. ఈ ఏడాది ఇంటి వెనక కాస్త జాగా చదును చేసి కూరగాయలు వేద్దామని గట్టిగా అనుకుంటున్నాను. పెద్ద జాగా ఏం కాదు, 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటుందేమో. అది కాకుండా గుమ్మం పక్కన నాలుగైదు కుండీలు పట్టే చోటుంది. ఎండ పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా బాగానే పడుతుంది. అసలు సమస్య చలి. వసంతం వచ్చేసిందిలే అనుకున్నాక కూడా రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి పడిపోతుంది, అటు ఆకులు రాలే కాలం మొదట్లోనే మళ్లీ గడ్డి మీద తెల్లగా మంచు కనిపిస్తుంది. మధ్యలో మిగిలేది గట్టిగా నాలుగున్నర నెలలు. ఆ నాలుగున్నర నెలల్లో కూడా రాత్రుళ్లు 12 డిగ్రీలు దాటని రోజులే ఎక్కువ.

వేయాలని ఉన్నవి టమాటా, మిరప, వంగ, బెండ, కొత్తిమీర, పాలకూర, వీలైతే ఉల్లి, వెల్లుల్లి. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. గ్రీన్‌హౌస్ లేకపోతే దండగ అని ఒకరు, కిటికీ దగ్గర నారు పోస్తే చాలని ఇంకొకరు, గ్రో లైట్లు (ఇంట్లో నారుకి ఎండ బదులు పెట్టే దీపాలు) కొనకపోతే ఆ నారు పనికిరాదని మరొకరు. మొదటి ఏడాదే సామానుకి బోలెడు డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. అలాగని వేసవంతా నీళ్లు పోసి చివరికి నాలుగు పచ్చి టమాటాలు కోసుకోవడమూ ఇష్టం లేదు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు, అనుభవం ఉన్నవాళ్లు కొంచెం సూటిగా చెప్పండి. శీతాకాలంలో మడి ఖాళీగా వదిలేయాల్సిందేనా అన్నది కూడా.

మట్టిచేతులు:

సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను, మీ లిస్టు తలకిందులుగా ఉందండి. మీరు ముందు రాసిన నాలుగూ, అంటే టమాటా, మిరప, వంగ, బెండ, వేడి కోరే మొక్కలు. చలి అంటే వాటికి పడదు. చివర రాసిన పాలకూర, కొత్తిమీర, ఉల్లి, వెల్లుల్లి చలిలో హాయిగా పెరిగేవి. చల్లటి చోట తోట వేసేవాళ్లు మొదట మడిలో ముప్పాతిక భాగం చలి పంటలకి రాసిచ్చేసి, మిగిలిన పావు భాగంలో వేడి పంటలతో సరదా తీర్చుకోవాలి. అందరూ దీన్ని రివర్స్‌లో చేసి, చలి దేశంలో ఏమీ పండదు అని తిట్టుకుంటారు.

చలి పంటలు అంటే ఏవో చెప్తాను. బఠాణీ, బ్రాడ్ బీన్స్, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, టర్నిప్, పాలకూర, లెట్యూస్, ఆవకూర, కొత్తిమీర, మెంతికూర, క్యాబేజీ, కేల్ (గడ్డ కట్టని క్యాబేజీ జాతి ఆకుకూర), బ్రోకలీ, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప. ఇందులో బంగాళాదుంప ఆకు మాత్రం ఫ్రాస్ట్‌కి, అంటే రాత్రి తెల్లగా పేరుకునే ఆ మంచుకి, మాడిపోతుంది, కానీ దుంప భూమిలో భద్రంగా ఉంటుంది కాబట్టి మళ్లీ చిగురేస్తుంది. మిగతావాటిలో చాలా వరకు తేలికపాటి ఫ్రాస్ట్‌ని లెక్కచేయవు. కేల్ అయితే బాగా వేళ్లూనుకున్నాక మైనస్ 8, 10 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది, పైగా చలి తగిలాక రుచి పెరుగుతుంది. ఎందుకంటే ఆకులో నీళ్లు గడ్డకట్టకుండా మొక్క తనలో ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. క్యారెట్, పార్స్‌నిప్ (తెల్ల క్యారెట్‌లా ఉండే దుంప) కూడా అంతే, నాలుగు చలి రాత్రులు గడిచాక తవ్వినవే తియ్యగా ఉంటాయి.

రెండో మాట, క్యాలెండర్ చూసి విత్తకండి, మట్టి చూసి విత్తండి. మట్టిలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, వంటింట్లో వాడేది ఉన్నా పర్లేదు. పొద్దున్నే, ఎండ తగలకముందు, నాలుగు వేళ్ల లోతులో పెట్టి చూడండి. వరసగా ఒక వారం 5 డిగ్రీల పైన ఉంటే బఠాణీ, పాలకూర, లెట్యూస్ వేసేయొచ్చు, నిదానంగానైనా మొలుస్తాయి. 7 దాటితే ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, బంగాళాదుంప. ఫ్రెంచ్ బీన్స్‌కి 12 అయినా ఉండాలి, 15 ఉంటే నిశ్చింత. అంతకన్నా చల్లటి తడి మట్టిలో బీన్స్ గింజ వేస్తే మొలవదు, కుళ్లిపోతుంది. దోస, జుకినీ, గుమ్మడికి 16 పైన. బెండకి 18, 20 లేకపోతే ఆ గింజని ప్యాకెట్‌లోనే ఉంచడం మేలు. మీ రాత్రుళ్లు 10, 12 డిగ్రీలు అంటున్నారు, బయట మడిలో బెండ సంగతి మర్చిపోండి. మొలిచినా జానెడు ఎత్తులో ఆగిపోయి మీ మొహం చూస్తూ ఉంటుంది.

మట్టి తొందరగా వెచ్చబడాలంటే మడిని 20, 30 సెంటీమీటర్లు ఎత్తు చేసుకోండి. ఎత్తు మడిలో నీళ్లు నిలవవు, తడి తక్కువగా ఉన్న మట్టి తొందరగా వేడెక్కుతుంది. విత్తడానికి రెండు మూడు వారాల ముందు నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచి అంచుల మీద రాళ్లు పెడితే ఇంకా మంచిది. ఎండుగడ్డి మల్చ్, అంటే మట్టి మీద ఎండుగడ్డి పరచడం, అందరూ గొప్పగా చెప్తారు, నిజమే, కానీ వసంతంలో పరిస్తే అది చలిని లోపలే పట్టి ఉంచుతుంది. మట్టి వెచ్చబడ్డాకే పరవండి.

గ్రీన్‌హౌస్ మొదటి ఏడాది అక్కర్లేదు. దాని బదులు ఫ్లీస్ అని తెల్లటి పల్చటి గుడ్డ దొరుకుతుంది, వెలుతురు, నీళ్లు దాంట్లోంచి దిగుతాయి. కమ్మీలు వంచి మడి మీద పాతి, పైన ఆ గుడ్డ కప్పితే లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. వినడానికి తక్కువే, కానీ ఫ్రాస్ట్ రాత్రి సున్నాకి, మైనస్ రెండుకి మధ్యే మొక్క చావు బతుకులు తేలేది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే ఆ రాత్రి ఫ్రాస్ట్ వచ్చే అవకాశం ఎక్కువ. మబ్బు పట్టిన రాత్రి అంత భయం లేదు. అలాంటి రాత్రి వస్తోందంటే పొద్దు గుంకకముందే కప్పాలి, అప్పుడే పగటి వేడి లోపల నిలుస్తుంది. చీకటి పడ్డాక కప్పితే సగం లాభం పోయినట్టే. మధ్యాహ్నం మట్టికి నీళ్లు కూడా పెట్టండి, పొడి మట్టి కన్నా తడి మట్టి ఎక్కువ వేడిని దాచుకుంటుంది.

కుండీరాజు:

పైన చెప్పినవన్నీ కరెక్టే కానీ కొత్తవాళ్లకి అంత లెక్చర్ ఇస్తే పారిపోతారు 😀

నా మాట వినండి, మొదటి ఏడాది నారు పోయొద్దు. లైట్లూ వద్దు, ట్రేలూ వద్దు. టమాటా, మిరప, క్యాబేజీ, కేల్ నారు మొక్కలు కొనుక్కొచ్చి నాటండి, మిగతావి నేరుగా మడిలో విత్తండి. అంతే. ముల్లంగి 30 రోజుల్లో చేతికొస్తుంది, అది చూశాక ఉత్సాహం దానంతటదే వస్తుంది.

కుండీల గురించి ఒక్క మాట. చిన్నవి పది కొనే బదులు 20 లీటర్ల పైన పట్టేవి మూడు కొనండి. కింద చిల్లులు ఉండాలి. కుండీని గోడకి ఆనించి పెడితే పగలు గోడ పట్టుకున్న వేడి రాత్రి మొక్కకి తగులుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు చూసే గోడ, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు చూసేది. మిరపకి అదొక్కటే చోటు.

విత్తనాలడబ్బా:

నారు కొనడం తప్పేం కాదు గానీ, రాజుగారూ, కొన్న నారుతో ఒక చిక్కుంది. చల్లటి చోట ఏ రకం వేశామన్నదే సగం పంట. అమ్మేవాళ్లు ఎక్కువగా పెద్ద కాయలు కాసే రకాలే పెడతారు, అవి నాటాక 80 రోజులకు గానీ పండవు. ఇక్కడ కావాల్సింది 55, 60 రోజుల్లో పండేవి. స్టూపీస్, గ్లేషియర్, సబ్ ఆర్కిటిక్ ప్లెంటీ లాంటి తొందర రకాలు, లేదా ఏదైనా చెర్రీ టమాటా. వీటిని ఎంచుకునే వీలు విత్తనాలు కొంటేనే ఎక్కువ. ఇంకో సంగతి, టమాటా, మిరప ప్యాకెట్ మీద రాసే రోజులు నారు నాటిన రోజు నుంచి లెక్క, గింజ వేసిన రోజు నుంచి కాదు. క్యారెట్, బఠాణీలకి మాత్రం విత్తిన రోజు నుంచే లెక్క. పైగా ఆ అంకె వెచ్చటి వాతావరణానికి రాసింది, రాత్రుళ్లు చల్లగా ఉండే చోట ఇంకో రెండు వారాలు కలుపుకోండి.

లైట్ల గురించి. గ్రో లైట్ అని పేరు పెట్టి గులాబీ రంగులో వెలిగేవి కొనక్కర్లేదు, మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబ్ రెండు చాలు. రోజుకి 14 నుంచి 16 గంటలు వెలగాలి, రాత్రి ఆర్పేయాలి, దానికో టైమర్ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. కిటికీలో పెట్టిన నారు ఎందుకు పాడవుతుందంటే, శీతాకాలం చివర్లో పగలు పొట్టి, పైగా వెలుతురు ఒక వైపు నుంచే వస్తుంది, గదేమో వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం ఉండి వెలుతురు లేకపోతే మొక్క సన్నగా సాగి పడిపోతుంది. కిటికీనే వాడాలంటే మొలకెత్తాక కాస్త చల్లటి గదిలోకి మార్చండి, 15, 18 డిగ్రీలు చాలు. మొలకెత్తడానికి మాత్రం వేడి కావాలి, టమాటాకి 20 పైన, మిరపకి 25 దాకా ఉంటే త్వరగా వస్తుంది.

టైమ్ ఎలా లెక్కపెట్టాలంటే, మీ ప్రాంతంలో ఆఖరి ఫ్రాస్ట్ మామూలుగా ఎప్పుడు పడుతుందో తెలుసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. టమాటా 6 నుంచి 8 వారాల ముందు, మిరప, వంగ 8 నుంచి 10 వారాల ముందు. తొందరపడి ఇంకా ముందు వేస్తే, నాటే సమయానికి మొక్క చిన్న కుండీలో వేళ్లు చుట్టుకుపోయి ముదిరిపోయి ఉంటుంది. ముదురు నారు కన్నా పొట్టిగా బలంగా ఉన్న లేత నారే తొందరగా కాపుకొస్తుంది. నీళ్లు కింద పళ్లెంలో పోయండి, పైన మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే మొలక మొదలు దగ్గర నల్లబడి వాలిపోతుంది.

నాటేముందు ఒక వారం పది రోజులు నారుని బయటికి అలవాటు చేయాలి, ఇది మానేస్తే ఎంత మంచి నారైనా ఆకులు తెల్లబడి కాలిపోతుంది. మొదటి రోజు నీడలో గంట, రెండు గంటలు, రోజుకి కాస్త పెంచుకుంటూ ఎండలోకి, గాలిలోకి. రాత్రి లోపలికి తెచ్చేయండి. రాత్రి ఉష్ణోగ్రత 10 దాటాకే టమాటాని బయట నాటండి.

ఇక పగటి నిడివి సంగతి. దీని గురించి ఎవరూ చెప్పరు, కానీ ఉల్లి ఫెయిలయ్యేది దీనివల్లే. ఉల్లి గడ్డ ఊరాలా వద్దా అన్నది చాలా వరకు పగలు ఎన్ని గంటలుందో దాన్నిబట్టి నిర్ణయించుకుంటుంది. కొన్ని రకాలకి 10, 12 గంటల పగలు చాలు, అవి భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాలవి. కొన్నిటికి 14 గంటల పైన కావాలి. వేసవిలో పొద్దు తొమ్మిదింటికి గుంకే చోట పొట్టి పగటి రకం వేస్తే, ఆకు ఇంకా నాలుగు పోగులుండగానే గడ్డ ఊరడం మొదలై గోలీకాయంత దగ్గర ఆగిపోతుంది. కాబట్టి లాంగ్ డే (పొడుగు పగటి రకం) అని రాసి ఉన్న ఉల్లి విత్తనమే కొనండి. చిక్కుడుది దీనికి వ్యతిరేక సమస్య. తీగ చిక్కుడులో చాలా రకాలు పగలు తగ్గితేనే పూస్తాయి. వేసవంతా పందిరి నిండా పచ్చగా అల్లుకుని, పగలు పొట్టిదై పూత మొదలుపెట్టే సమయానికి ఫ్రాస్ట్ వచ్చి మొత్తం మాడ్చేస్తుంది. పగటి నిడివితో పనిలేని పొద రకాలు దొరికితేనే ప్రయత్నించండి, లేకపోతే ఫ్రెంచ్ బీన్స్, రన్నర్ బీన్స్ వేసుకోవడం తెలివైన పని.

పాలకూర, కొత్తిమీర కూడా పగలు పొడుగైతే, ఎండ ముదిరితే ఆకు మానేసి పూతకొచ్చేస్తాయి. అవి వసంతం మొదట్లో ఒకసారి, వేసవి చివర్లో ఒకసారి వేసేవి. నడి వేసవిలో కొత్తిమీర కావాలంటే నీడ పట్టున రెండు మూడు వారాలకోసారి గుప్పెడు గింజలు చల్లుతూ ఉండటమే, వేరే మంత్రం లేదు.

పెరటికొత్త:

చాలా థాంక్స్ అండి అందరికీ. మట్టిచేతులు గారు, బెండ మీద ఆశ వదిలేశాను 🙂 సరే, ఒక వైపు బఠాణీ, ముల్లంగి, పాలకూర, బంగాళాదుంప, కేల్ పెట్టుకుంటాను, గోడ పక్కన కుండీల్లో టమాటా, మిరప. నారు ఈసారికి కొంటాను, చెర్రీ టమాటా అడిగి తీసుకుంటాను.

రెండు డౌట్లు. పక్కవాళ్లు గుర్రాల ఎరువు ఎంత కావాలంటే అంత తీసుకెళ్లమన్నారు, ఉచితంగా వస్తోంది కదా అని మడి నిండా వేసేయొచ్చా? రెండోది, గడ్డిలో స్లగ్స్ (పెంకు లేని నత్తలు) విపరీతం. వాన పడిన మర్నాడు బయటికి వెళ్తే అడుగు తీసి అడుగు వేయలేను. ఏం చేస్తే పోతాయి?

మట్టిచేతులు:

ఉచిత ఎరువు తీసుకోండి, కానీ రెండు ప్రశ్నలు అడగండి. ఎంత పాతది? పచ్చి ఎరువైతే ఇప్పుడు వేయొద్దు. అందులో రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు ఉండొచ్చు, మట్టిని తాకే ఆకుకూరలు, దుంపలు కోయడానికి కనీసం 120 రోజుల ముందే పచ్చి ఎరువు మట్టిలో కలిసిపోయి ఉండాలి అనేది మంచి లెక్క. మీ సీజనే నాలుగున్నర నెలలు కాబట్టి, పచ్చిది ఒక మూల పోగేసి కప్పి ఉంచి, మాగాక వచ్చే ఏడాది వాడుకోండి. లేదా ఆకులు రాలే కాలంలో పంట తీసేశాక పరిచి వదిలేయండి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ఆ గుర్రాలు మేసిన గడ్డి మీద కలుపు మందు కొట్టారా? అమినోపైరలిడ్ అనే మందు గడ్డి నుంచి గుర్రం కడుపులోకి, అక్కడి నుంచి ఎరువులోకి చెక్కుచెదరకుండా వస్తుంది. గడ్డి జాతి మొక్కల్ని ఏమీ చేయదు గానీ టమాటా, బీన్స్, బఠాణీ, బంగాళాదుంపల ఆకులు మెలితిరిగి ముడుచుకుపోతాయి. ఇచ్చేవాళ్లకి తెలియకపోవచ్చు, వాళ్లు గడ్డి బయట కొని ఉండొచ్చు. అందుకని ముందు పరీక్షించండి. ఆ ఎరువు కొంత మట్టిలో కలిపి రెండు మూడు చిన్న కుండీల్లో బీన్స్ గింజలు వేయండి, పక్కనే ఎరువు కలపని మట్టిలో ఇంకో రెండు. మూడు నాలుగు వారాల్లో తేడా తెలిసిపోతుంది. రెండూ ఒకేలా పెరిగితే నిశ్చింతగా వాడుకోండి.

క్యారెట్ వేసే చోట మాత్రం ఈ ఏడాది ఏ ఎరువూ వద్దు. దిట్టమైన ఎరువు తగిలితే క్యారెట్ రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. రాళ్లున్నా అంతే.

ఇంకోటి అడగకపోయినా చెప్తున్నాను. ఇల్లు బాగా పాతదైతే, గోడల పెయింట్ పెచ్చులు రాలి పక్కన మట్టిలో కలిసి ఉంటే, అందులో సీసం ఉండొచ్చు. ఒకసారి మట్టి పరీక్ష చేయించండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలుంటే. అనుమానం ఉంటే గోడకి దూరంగా, బయటి నుంచి తెచ్చిన మట్టితో ఎత్తు మడి వేసుకోండి. కుండీల్లో అయితే ఎలాగూ కొన్న మట్టే కాబట్టి గోడ పక్కన పెట్టినా పర్వాలేదు.

కుండీరాజు:

స్లగ్స్ గురించి నేను చెప్తా, వాటితో నాది పాత పగ 😀

పూర్తిగా పోవు. తగ్గించుకోవడమే. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్లి చేత్తో ఏరడం అన్నిటికన్నా పనిచేస్తుంది, నాలుగైదు రాత్రులు వరసగా చేస్తే తేడా కనిపిస్తుంది. మడి పక్కన ఒక చెక్కపలక నేల మీద పడేసి ఉంచండి, పగలు దాని కింద చేరతాయి, పొద్దున తిప్పి చూసి ఏరేయడమే. నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి, రాత్రి మట్టి పైపొర పొడిగా ఉంటే అవి అంత హుషారుగా తిరగలేవు. మందు చల్లాల్సి వస్తే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు వాడండి, కొద్దిగా చాలు, గుప్పెళ్లతో కాదు. పాత రకం మెటాల్డిహైడ్ గుళికల జోలికి పోవద్దు, కుక్కలకి, పిల్లులకి, ముళ్లపందులకి ప్రమాదం. గుడ్డు పెంకులు, కాఫీ పిప్పి చల్లమని అందరూ చెప్తారు, వాటి మీద నుంచి స్లగ్ దర్జాగా నడిచి వెళ్లడం చూశాను, నాకైతే నమ్మకం లేదు.

అసలు రక్షణ ఏంటంటే మొక్క పెద్దదయ్యాకే మడిలోకి దించడం. రెండాకుల మొలకని ఒక్క రాత్రిలో నాకేస్తాయి, అదే చేతివేలంత కాండం ఉన్న కేల్‌ని కొరికినా అది తట్టుకుంటుంది. లెట్యూస్ కూడా చిన్న కుండీల్లో మొలిపించి, నాలుగైదు ఆకులు వచ్చాక నాటుకోండి. క్యాబేజీ, కేల్ మీదకి తెల్ల సీతాకోకచిలుకలు వస్తాయి, గుడ్లు పెడతాయి, పురుగులు ఆకంతా ఈనెలు మిగిల్చి తినేస్తాయి. నాటిన రోజే సన్నటి వల కప్పేయండి. వల ఆకుకి తగలకుండా ఎత్తుగా ఉండాలి, ఆకుకి ఆనుకుని ఉంటే పైనుంచే గుడ్లు పెట్టి పోతాయి.

విత్తనాలడబ్బా:

టమాటా కుండీల్లో అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. చల్లగా, తడిగా ఉండే వేసవిలో అతి పెద్ద శత్రువు లేట్ బ్లైట్ తెగులు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటని నాశనం చేసి కరువు తెచ్చింది ఇదే. ఆకు మీద గోధుమ, నలుపు రంగు మచ్చలు, తేమగా ఉన్న రోజు ఆకు కింద సన్నటి తెల్లటి బూజు, కాండం మీద నల్ల చారలు, ఆ తర్వాత వారం తిరక్కుండా మొక్క మొత్తం కూలిపోతుంది. వచ్చాక ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, పీకి కవర్‌లో కట్టి పారేయడమే. రాకుండా చూసుకోవాలంటే ఆకు తడవకూడదు. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయండి. కుండీలు ఇంటి చూరు కింద, వాన నేరుగా పడని చోట పెట్టగలిగితే సగం యుద్ధం గెలిచినట్టే. కింది ఆకులు గిల్లేసి గాలి ఆడనివ్వండి. టమాటా, బంగాళాదుంప రెండిటికీ అదే తెగులు, కాబట్టి వీలైనంత దూరంగా పెట్టండి, పోయినేడు తవ్వగా మిగిలిపోయిన దుంప మొలకెత్తితే పీకేయండి.

రాత్రి 13 డిగ్రీల కన్నా తగ్గుతుంటే టమాటా పూత రాలిపోతుంది, అందుకని చల్లటి రాత్రుళ్లు కుండీల చుట్టూ ఫ్లీస్ చుట్టండి. మధ్యాహ్నం పూట పూల గుత్తిని వేలితో మెల్లగా తడితే పుప్పొడి రాలి పిందె బాగా పడుతుంది. మొదటి ఫ్రాస్ట్‌కి నెల ముందు తీగ కొసలు తుంచేయండి, కొత్త పూత ఎలాగూ కాయ కాదు, ఉన్న కాయలకైనా బలం అందుతుంది. పచ్చి కాయలు మిగిలితే కోసి ఇంట్లో పెట్టుకోండి. పండటానికి ఎండ అక్కర్లేదు, 18, 20 డిగ్రీల వెచ్చదనం చాలు, పక్కన ఒక అరటిపండు పెడితే అది వదిలే ఇథిలీన్ వాయువుతో ఇంకా తొందరగా పండుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. ఫ్రాస్ట్ ఒకసారి తగిలిన కాయ పండదు, కుళ్లుతుంది, కాబట్టి ముందు రోజే కోసేయాలి.

మట్టిచేతులు:

శీతాకాలం గురించి మీరు మొదట్లో అడిగింది ఎవరూ పట్టించుకోలేదు, అదీ చెప్పేస్తాను. మడి ఖాళీగా ఉంచక్కర్లేదు. కానీ శీతాకాలపు ఆకుకూరల్ని శీతాకాలంలో వేయరు, వేసవి మధ్యలో, చివర్లో వేస్తారు. పగలు 10 గంటల కన్నా తగ్గిపోతే మొక్క చావకపోయినా పెరగడం దాదాపు ఆపేస్తుంది. అంటే ఆ రోజులు వచ్చేసరికే అది ముప్పాతిక వంతు పెరిగి ఉండాలి. ఆ తర్వాత మడే మీ ఫ్రిజ్, అవసరమైనప్పుడు వెళ్లి ఆకులు కోసుకోవడమే. అందుకని మీ ఊళ్లో పగలు 10 గంటలకి తగ్గే తేదీ చూసుకుని, అక్కడి నుంచి ప్యాకెట్ మీద ఉన్న రోజులు, వాటికి ఇంకో రెండు వారాలు కలిపి వెనక్కి లెక్కేసి విత్తండి. పాలకూర, కేల్, ఆవకూర, లెట్యూస్‌లో చలికి ఓర్చుకునే రకాలు. సమస్య ఏంటంటే, ఆ సమయానికి మడి అంతా వేసవి పంటతో నిండి ఉంటుంది, పీకడానికి చేతులు రావు. తొందరగా అయిపోయే బఠాణీ, ముందు వేసిన బంగాళాదుంప తీసిన చోటే వీటికి ఇవ్వండి. పైన కమ్మీలు, ఫ్లీస్. ఆకు గడ్డకట్టి గట్టిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి, మధ్యాహ్నం కరిగాక కోయండి.

నేల లోతుగా గడ్డకట్టే చోటైతే ఇది కూడా కుదరదు. అలాంటప్పుడు క్యారెట్, బీట్‌రూట్ తవ్వి తడి ఇసుకలో పేర్చి, గడ్డకట్టని చల్లటి చోట పెడితే నెలల తరబడి నిలవుంటాయి. బంగాళాదుంప చీకట్లో, 4 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంప తినకూడదు. ఇంట్లో కిటికీ దగ్గర పళ్లేల్లో బఠాణీ చిగుళ్లు, ముల్లంగి మొలకలు లాంటివి వేసుకోవచ్చు, రెండు మూడు వారాల్లో కోతకొస్తాయి, లైట్ లేకపోయినా పర్లేదు.

పెరటికొత్త:

అద్భుతం అండి, ఇంక వెల్లుల్లి ఒక్కటే మిగిలింది. వసంతంలో వేయాలా, ఆకులు రాలే కాలంలోనా? వంటకి కొన్న వెల్లుల్లి నాటొచ్చా?

విత్తనాలడబ్బా:

ఆకులు రాలే కాలంలోనే. నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు. వెల్లుల్లికి కొన్ని వారాల చలి తగిలితేనే పాయ రెబ్బలుగా విడుతుంది. వసంతంలో ఆలస్యంగా వేస్తే ఒంటి రెబ్బ గుండులా వచ్చే అవకాశం ఉంది, తినడానికి బాగానే ఉంటుంది కానీ ఒకటి నాటితే ఒకటే వచ్చినట్టు.

వంటకి కొన్నది మొలుస్తుంది గానీ నేనైతే వద్దంటాను. కొన్నిటికి మొలకెత్తకుండా మందు కొడతారు, అది ఏ వాతావరణపు రకమో తెలియదు, తెల్ల కుళ్లు లాంటి రోగం తెస్తే ఆ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నాటడానికి అమ్మే పాయలు ఒకసారి కొనుక్కోండి, తర్వాత ప్రతి ఏడూ మీ పంటలోంచే పెద్ద పాయలు పక్కన పెట్టుకోవచ్చు. బాగా చలి ఉండే చోట హార్డ్‌నెక్ రకాలు, అంటే మధ్యలో గట్టి కాడ ఉండేవి, బాగా వస్తాయి.

పెద్ద రెబ్బలే నాటండి, చిన్నవి వంటకి వాడేయండి. మొన పైకి, 5 సెంటీమీటర్ల లోతు, రెబ్బకీ రెబ్బకీ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడం. పైన బెత్తెడు మందాన ఎండుటాకులో ఎండుగడ్డో పరవండి. శీతాకాలం రాకముందే పచ్చటి మొలక బయటికొస్తే కంగారు పడకండి, కొస మాడినా వసంతంలో మళ్లీ లేస్తుంది. వేసవి మొదట్లో మధ్య నుంచి మెలితిరిగిన పూకాడ వస్తుంది, అది తుంచేయండి, పాయ పెద్దదవుతుంది, ఆ కాడలు కూర వండుకోవచ్చు. కింది ఆకులు మూడో వంతు ఎండాక తవ్వండి, పీకొద్దు, కాడ తెగుతుంది. నీడలో, గాలి ఆడే చోట రెండు మూడు వారాలు ఆరబెట్టాక కాడ కత్తిరించుకోండి.